ఛాతీ నొప్పికి పేరు పెట్టే పని మీది కాదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 38. రెండు నెలలుగా ఛాతీలో ఎడమవైపు నొప్పి వచ్చి పోతోంది. ఒకసారి సూదితో పొడిచినట్టు, ఒకసారి బరువు పెట్టినట్టు. ఒక్కోసారి మెట్లెక్కినప్పుడు కూడా వస్తోంది. ఈసీజీ, ఎకో రెండూ నార్మల్. "ఏం లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. నొప్పి మాత్రం తగ్గలేదు, రాత్రిళ్లు నిద్ర లేదు. నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి, ఎప్పుడు ఊరుకోవచ్చు అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. ఎమర్జెన్సీ వార్డులో స్టాఫ్ నర్సుగా 22 ఏళ్లు పనిచేశాను. ఛాతీ పట్టుకుని వచ్చిన మనిషిని మొదట పలకరించేదీ, పడుకోబెట్టి ఈసీజీ తీసేదీ మేమే. మీకు జబ్బు ఉందో లేదో ఇక్కడ నుంచి నేను చెప్పలేను. చూసింది, నేర్చుకున్నది చెబుతాను.

ముందుగా ఒక విషయం. ఇది గుండె నొప్పా, గ్యాసా, కండరం పట్టిందా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలని చూస్తున్నారు. అందరూ అదే చేస్తారు, ఆలస్యమంతా అక్కడే జరుగుతుంది. ఎంతో అనుభవమున్న డాక్టరు కూడా ఒట్టి మాటలు విని అది తేల్చడు, పరీక్షలు చేయిస్తాడు. నొప్పికి పేరు పెట్టే పని మీది కాదు. ఈ నొప్పితో ఇప్పటికిప్పుడు వెళ్లాలా, రేపు వెళ్లినా సరిపోతుందా, వారంలో చూపించుకోవచ్చా అన్నదే మీరు తేల్చుకోవాలి. అది ఎవరైనా నేర్చుకోవచ్చు.

పేరు పెట్టడం ఎందుకు కుదరదో చెబుతాను. గుండె నుంచి వచ్చే నరాలు, ఛాతీ గోడ నుంచి, చేతి లోపలి వైపు నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే ప్రాంతానికి చేరతాయి. నొప్పి కబురు మెదడుకు అందుతుంది గానీ ఎక్కడి నుంచి వచ్చిందో దానికి స్పష్టంగా తెలియదు. అందుకే గుండెకు రక్తం తగ్గితే చేయి లాగుతుంది, దవడ నొస్తుంది. అన్నవాహిక కూడా గుండె వెనకే ఆనుకుని కిందికి దిగుతుంది. అందులోకి ఆమ్లం ఎగదన్నినా అచ్చం గుండె పట్టేసినట్టే ఉంటుంది. గ్యాస్ మాత్ర వేసుకుంటే తగ్గింది కాబట్టి గ్యాసే అనుకోవడం కూడా తప్పు. గుండె నొప్పి దానంతటదే తగ్గే సమయానికి మాత్ర వేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. తగ్గిందని నిశ్చింతగా పడుకుని, తెల్లవారుజామున మళ్లీ వచ్చారు.

ఒకాయన సంగతి చెప్పాలి. తెల్లవారుజామున 4 గంటలప్పుడు భార్యతో కలిసి నడుచుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. "గ్యాస్ పట్టేసింది సిస్టర్, ఒక ఇంజెక్షన్ ఇస్తే వెళ్లిపోతాం" అన్నాడు. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఆయన చొక్కా కాలరు తడిసి మెడకు అతుక్కుపోయింది. మాట్లాడుతున్నంతసేపూ కుడి చేతి పిడికిలి ఛాతీ నడిమధ్యన నొక్కి పట్టుకునే ఉన్నాడు. అలా పట్టుకుంటున్నట్టు ఆయనకే తెలియదు. వేలితో ఒక చోటు చూపించి ఇక్కడ అనేవాళ్లకంటే, ఇలా పిడికిలితోనో అరచేతితోనో ఛాతీ అంతా చూపించేవాళ్లను చూస్తే మాకు ఎక్కువ భయం. మొదటి ఈసీజీలో పెద్దగా ఏమీ కనిపించలేదు. డ్యూటీ డాక్టరు ఆయన్ని పంపలేదు, 20 నిమిషాలకు మళ్లీ తీయమన్నారు. అప్పుడు గీతలు మారాయి. వెంటనే తీసుకెళ్లి స్టెంట్ వేశారు, బతికాడు. నొప్పి ఎప్పుడు మొదలైందని తర్వాత అడిగితే రాత్రి 11కి అన్నాడు. మరి అయిదు గంటలు ఎందుకు ఆగారంటే, "అందరూ నిద్రపోతున్నారు కదమ్మా" అన్నాడు.

రక్తం అందకపోతే గుండె కండరం అరగంట లోపే శాశ్వతంగా దెబ్బతినడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ నష్టం లోపలి పొర నుంచి బయటి పొరకు పాకుతుంది. చచ్చిపోయిన కండరం మళ్లీ రాదు, ఆ చోట మచ్చ మిగులుతుంది. ఇంటివాళ్ల నిద్ర చెడుతుందని ఆగే సమయం కాదది.

ఇక ఆలోచించకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేయాల్సిన నొప్పి ఎలా ఉంటుందంటే: ఛాతీ మధ్యలో గానీ ఎడమవైపు గానీ బిగించినట్టు, పిండేసినట్టు, బండ పెట్టినట్టు ఉంటుంది. పని ఆపి కూర్చున్నా 5 నిమిషాల్లో తగ్గదు, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. దాంతోపాటు చల్లటి చెమట, ఊపిరి ఆడకపోవడం, వాంతి వచ్చేట్టుండటం, కళ్లు తిరగడం, నొప్పి భుజానికో చేతికో దవడకో వీపుకో పాకడం ఉంటే ఆ 5 నిమిషాలు కూడా చూడకండి. ఎడమ చేయే లాగాలని లేదు. కుడి చేయి, రెండు చేతులు, పొట్ట పైభాగం, ఎక్కడైనా కావచ్చు. చాలామంది దాన్ని నొప్పి అనరు కూడా. "నొప్పి కాదండీ, అదోలా పట్టేసినట్టుంది" అంటారు. నొప్పి కాదు అన్న మాట పట్టుకుని ఎవరూ ధైర్యం తెచ్చుకోవద్దు.

గుండెపోటు కాకపోయినా అంతే వేగంగా వెళ్లాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మొదలవడమే భరించలేనంత తీవ్రంగా, చీల్చేసినట్టు మొదలై రెండు భుజాల మధ్య వీపులోకి దూసుకెళ్లే నొప్పి గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరగడం వల్ల కావచ్చు. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇది వస్తుంది. హఠాత్తుగా ఆయాసం వచ్చి, గట్టిగా ఊపిరి తీస్తే పొడిచినట్టుంటే, ఒక కాలి పిక్క వాచి ఉంటే, దగ్గితే రక్తం పడితే, కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరిందేమో అనుమానించాలి. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గంటల కొద్దీ కదలకుండా ప్రయాణం చేసినవాళ్లు, గర్భిణులు, బాలింతలు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. సన్నగా పొడుగ్గా ఉండే కుర్రవాళ్లలో ఒక్కసారిగా ఒకవైపు నొప్పి, ఆయాసం వస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయి ఉండొచ్చు. విపరీతంగా వాంతులైన వెంటనే ఛాతీలో భయంకరమైన నొప్పి మొదలైతే అదీ ఎమర్జెన్సీయే. ఈ పేర్లేవీ మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక్కసారిగా వచ్చిందా, ఊపిరి ఆడట్లేదా, స్పృహ తప్పేట్టుందా, ముఖం పాలిపోయిందా అన్నవి చాలు.

అలాంటప్పుడు మీరే బండి నడుపుకుంటూ వెళ్లకండి. గుండెపోటు వచ్చిన మొదటి గంటల్లో గుండె లయ ఒక్కసారిగా చెదిరిపోయే ప్రమాదం ఉంటుంది. అది జరిగితే కరెంట్ షాక్ ఇచ్చే యంత్రం పక్కనే ఉండాలి. అంబులెన్స్ మంచిదని చెప్పేది అందుకే. అది వచ్చేవరకు మెట్లెక్కకండి, దిగకండి. వీపు ఆనించి కూర్చోండి, బట్టలు వదులు చేసుకోండి, తలుపు గడియ తీసి ఉంచండి. ఆస్పిరిన్ గురించి చాలామంది అడుగుతారు. 1988లో వెలువడిన ఐసిస్-2 అనే పెద్ద పరిశోధనలో 17 వేలకు పైగా గుండెపోటు రోగులను చూశారు. ఆస్పిరిన్ ఇచ్చినవాళ్లలో మొదటి అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బుతో వచ్చే మరణాలు సుమారు 23 శాతం తగ్గాయి. ఆ మందు విలువ అంతటిది. అలాగని ఎవరికి పడితే వాళ్లకు వేయకూడదు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండై రక్తం పోయినవాళ్లు ఉంటారు. ఇందాక చెప్పిన చీల్చే నొప్పిలో అయితే అది ఎదురుతిరుగుతుంది. ఫోన్లో అవతలివాళ్లను అడగండి. వేసుకోమంటే 300 మిల్లీగ్రాములది మింగకుండా నమిలి వేసుకుంటారు, నమిలితే త్వరగా పనిచేస్తుంది. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర మీకోసం డాక్టరు రాసిస్తేనే వాడండి. పక్కింటివాళ్ల దగ్గరుందని తెచ్చుకోవద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగిపోతుందని ఫోన్లలో తిరిగే మెసేజ్‌ను దయచేసి ఎవరికీ పంపకండి. అది చికిత్స కాదు, దగ్గుతూ కూర్చుంటే పోయేది సమయమే.

ఎదుటి మనిషి కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా తీసుకోకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూ ఉండాలి. ఇంట్లో ఒక్కరైనా ఇది నేర్చుకుని ఉండాలి.

మా అమ్మ గురించి కూడా చెబుతాను, ఇప్పటికీ నాకు బాధే. 67 ఏళ్లు, షుగర్ చాలాకాలంగా ఉంది. రెండు రోజులు "ఒంట్లో శక్తి లేదమ్మా, కింది దవడ లాగుతోంది" అంది. పన్ను నొప్పి అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్న నేను, పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని మర్నాటికి పెట్టుకున్నాను. ఆ సాయంత్రం రెండు మెట్లెక్కేసరికి ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఈసీజీలో గుండెపోటు అప్పటికే వచ్చి ఉందని తేలింది. బతికింది గానీ గుండె మునుపటిలా లేదు, ఈ గది నుంచి ఆ గదికి వెళ్లినా ఆయాసపడుతుంది. ఛాతీలో నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. షుగర్ ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో, పెద్దవయసువాళ్లలో కూడా ఆయాసం, నీరసం, వికారం, దవడ నొప్పి, వీపు నొప్పి ఇవే ముందుండొచ్చు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే సినిమాల్లో చూపించే గుండెపోటు కోసం ఎదురుచూడకండి.

ఇప్పుడు మీ రిపోర్టుల సంగతి. నార్మల్ అనగానే మనసు కుదుటపడాలి, మీకు పడలేదు. అందులో మీ తప్పు లేదు, ఆ మాటకు అర్థమేంటో మీకెవరూ విడమరిచి చెప్పలేదు. మామూలు ఈసీజీ అంటే గుండె విద్యుత్తును 10 సెకన్ల పాటు తీసిన ఫోటో. ఆ 10 సెకన్లలో మీకు నొప్పి లేకపోతే, మీరు కదలకుండా పడుకుని ఉంటే, రక్తనాళం సన్నబడి ఉన్నా ఫోటో బాగానే రావచ్చు. ఎకోలో గుండె ఎలా కొట్టుకుంటోందో, కవాటాలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. గుండెకు రక్తం ఇచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుందా అనేది దాంట్లో కనబడదు. ఎమర్జెన్సీలో చేసే ట్రోపోనిన్ రక్తపరీక్ష గుండె కండరం దెబ్బతిన్నదా అని చెబుతుంది, అదైనా పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి ఒకసారి చేసి మళ్లీ చేస్తారు. రెండో శాంపిల్ ఇవ్వకుండా ఇంటికి వెళ్లిపోతామని గొడవపడేవాళ్లు ప్రతి వారం ఉండేవాళ్లు. దయచేసి ఆ కాసేపు ఆగండి. ప్రతి పరీక్షా ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. పనిచేసేటప్పుడు గుండెకు చాలినంత రక్తం అందుతోందా అన్న ప్రశ్న మీ విషయంలో ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు.

అలాగని మీ నొప్పి గుండెదే అనడం లేదు. ఛాతీ నొప్పి అంటూ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కారణం గుండె కాదు. ఎసిడిటీ అందులో పెద్ద భాగం. తిన్నాక, వంగినప్పుడు, పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది, గొంతులోకి పుల్లటి నీళ్లొస్తాయి. దీనికి డాక్టర్లు కొన్ని వారాలు మందిచ్చి చూస్తారు, తిన్న మూడు గంటల దాకా పడుకోవద్దంటారు. మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా, నల్లటి విరేచనం అయినా అది మాత్రం త్వరగా చూపించాలి. పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసే చోట వాపు వస్తే, వేలితో నొక్కగానే "అదే, ఆ నొప్పే" అనిపిస్తుంది. వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు ఉంటుంది, ప్రాణానికి ప్రమాదం లేదు. నొక్కితే నొప్పి ఉంది కాబట్టి గుండె కాదని నూటికి నూరుపాళ్లు అనుకోవడానికి లేదు గానీ ఆ అవకాశం తగ్గుతుంది. వెనక్కి పడుకుంటే ఎక్కువై ముందుకు వంగి కూర్చుంటే తగ్గే నొప్పి గుండె పైపొర వాపు కావచ్చు, దాన్ని డాక్టరుకు వెంటనే చూపించాలి. ఒకవైపు పట్టీలా మంట పుట్టి, కొన్ని రోజులకు అదే వరసలో నీటి పొక్కులు వస్తే అది సర్పి. పొక్కులు రాకముందు అందరినీ భయపెడుతుంది. మీరు రాసిన సూది పోటు క్షణాల్లో వచ్చి పోయేదైతే, కూర్చుని ఉన్నప్పుడే వస్తే, దాని గురించి నాకు పెద్ద భయం లేదు. గుండెకు రక్తం తగ్గి వచ్చే నొప్పి సాధారణంగా నిమిషాల లెక్కన ఉంటుంది. క్షణాల లెక్కనా ఉండదు, రోజుల తరబడి ఒకేలా కూడా ఉండదు.

యాంజియోగ్రామ్‌లో పెద్ద నాళాలు శుభ్రంగా ఉన్నా, కంటికి కనిపించని సన్న నాళాలు సరిగ్గా పనిచేయక గుండె నొప్పి వచ్చేవాళ్లున్నారు, ఆడవాళ్లలో ఎక్కువ. నాళం ఉన్నట్టుండి బిగుసుకుపోయి రాత్రివేళ, తెల్లవారుజామున నొప్పి వచ్చేవాళ్లూ ఉన్నారు. "బ్లాకులు లేవు, అంతా మీ మనసులోనే" అని అలాంటివాళ్లను పంపేయడం అన్యాయం.

టెన్షన్ అన్న మాట మీకు కోపం తెప్పించిందని రాశారు. అర్థమైంది. ఆందోళన వల్ల వచ్చే నొప్పి కూడా నిజమైన నొప్పే. ఊపిరి వేగంగా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ బిగుస్తుంది, చచ్చిపోతున్నామనిపిస్తుంది. పది నిమిషాల్లో శిఖరానికి చేరి మెల్లగా దిగుతుంది. కానీ మొదటిసారి వచ్చినప్పుడు అది పానిక్ ఎటాక్ అని ఇంట్లో ఎవరూ తీర్పు చెప్పకూడదు. మిగతావి లేవని తేలాకే ఆ మాట. ముక్కుకు కవరు పెట్టి ఊపిరి తీయించడం అసలే వద్దు, అది గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో అయితే మరింత ప్రమాదం. అన్నీ చూసి గుండె బాగుందని తేలాక కూడా భయం పోకపోతే, రోజుకు పదిసార్లు నాడి పట్టుకు చూసుకుంటుంటే, ఎంత చూసుకుంటే అంత ఎక్కువ తెలుస్తుంది. అప్పుడు ఇంకో ఎకో తీయించుకున్నా రెండు రోజులే ధైర్యం. దానికి కౌన్సెలింగ్ పనిచేస్తుంది, మొహమాటపడకండి.

చివరగా మీ విషయం. మిగతా అంతా వివరంగా రాసి, మధ్యలో ఒక్క మాట మామూలుగా రాసి వదిలేశారు: "ఒక్కోసారి మెట్లెక్కినప్పుడు కూడా." నాకు అక్కడే కన్ను ఆగింది. శ్రమ చేస్తే వచ్చి, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గే బిగుతు గుండె నొప్పికి ఉండే లక్షణం. తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు రావడం కూడా డాక్టర్లు లెక్కలోకి తీసుకునే విషయం. ఆ రెండూ పరీక్ష చేసిన డాక్టరుకు చెప్పారా? మీరు రాసిన తీరు చూస్తే ఎడమవైపు పోటు గురించే మాట్లాడి, ఇది మరిచిపోయి ఉంటారనిపిస్తోంది.

ఈ రాత్రే ఒక కాగితం తీసుకోండి. బరువు పెట్టినట్టు వచ్చిన నొప్పిని, పోటును విడివిడిగా రాయండి. ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎన్ని నిమిషాలుంది, ఎక్కడికి పాకింది, ఏం చేస్తే తగ్గింది. పొగ తాగే అలవాటుంటే దాచకుండా రాయండి, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చివరిసారి ఎప్పుడు చూపించారో రాయండి. మూడు నాలుగు రోజుల్లోపు గుండె డాక్టరును కలిసి, కూర్చోగానే మొదట మెట్ల మాట చెప్పండి, తర్వాత నాన్నగారి మాట. ట్రెడ్‌మిల్ పరీక్షా, సీటీ యాంజియోగ్రామా, ఇంకేదైనానా అన్నది ఆయన నిర్ణయిస్తారు. చూపించుకునే దాకా బరువులు ఎత్తడం, పరుగెత్తడం పక్కన పెట్టండి. ఈలోపు ఆ బరువు కూర్చుని ఉన్నప్పుడు వచ్చినా, మునుపటికంటే తక్కువ శ్రమకే వచ్చినా, ఎక్కువసేపు ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అర్ధరాత్రయినా సరే ఇంట్లోవాళ్లను లేపండి.